గేటు దాటాక

ఫిల్మ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు పది పాసయ్యాడు. వాళ్ల మేనమామ షూటింగుల్లో లైట్‌మన్. "నా ఎంట రా, రెండేళ్లల్ల పని వస్తది" అంటాడట. బడిలో సారేమో ఐటీఐ అన్నాడట. "అన్నా, మీరు ఇంజినీరు కదా, ఏది మంచిది?" అని లిఫ్ట్ దగ్గర అడిగాడు. "ఐటీఐ" అనేశాను. ఎందుకన్నానో పైకి వెళ్లాక ఆలోచించాను.

ఐటీఐలు మారుతున్న మాట నిజం. 2024 జూన్‌లో మల్లేపల్లిలో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిన పథకం కింద, టాటా టెక్నాలజీస్‌తో కలిసి తెలంగాణలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చాలనుకున్నారు. అంచనా రూ.2,324 కోట్లు. సీఎన్‌సీ మెషీన్లు, రోబోలు, ఎలక్ట్రిక్ బండ్లు. ఏం కావాలో పరిశ్రమ చెబుతుంది, బడి నేర్పుతుంది. సినిమాలోనూ ఇదే దారి: అన్నపూర్ణ స్టూడియోలో 2011లోనే ఫిల్మ్ స్కూల్ పెట్టారు. తుప్పు పట్టిన లేత్ ముందు రెండేళ్లు కూర్చోవడం కన్నా ఇది నయమే.

మరి నా అనుమానం ఎక్కడిది? నా చదువు నుంచే. మూడో ఏడాదిలో ఓ కంపెనీ మా కాలేజీతో ఒప్పందం చేసుకుని, తన టూల్ ఒకటి నేర్పింది. దానికోసం ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులు ఎగ్గొట్టాం. మేం ఉద్యోగాల్లో చేరేసరికి ఆ టూల్ మూలపడింది. కంపెనీ ఇంకోటి కొనుక్కుంది. నా ఏడాది మాత్రం తిరిగి రాలేదు.

సినిమా ఫిల్ము నుంచి డిజిటల్‌కి మారినప్పుడూ ఇదే జరిగింది. నెగటివ్ కత్తిరించి అతికించడం మాత్రమే వచ్చిన చేతులకి పని పోయింది. ఎక్కడ, ఎందుకు కత్తిరించాలో తెలిసిన ఎడిటర్ కంప్యూటర్ ముందుకి మారాడు. మొదటిది ఆ మెషీన్ ఉన్నంతవరకే చెల్లే పని. రెండోది గేటు దాటాక కూడా చెల్లేది.

అలాగని "చదువు ఉద్యోగం కోసం కాదు" అని ఆ కుర్రాడికి చెప్పే ధైర్యం నాకు లేదు. అది జీతం పడుతున్నవాడి మాట. పరిశ్రమ బడిలోకి రావడం తప్పు కాదు. లెక్క తప్పితే నష్టం ఎవరిదన్నదే ప్రశ్న. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే గానీ కార్మికుడు కాడు. కార్మిక చట్టాలు మామూలుగా అతనికి వర్తించవు. బడికీ కంపెనీకీ మధ్య ఒప్పందంలో రెండు సంతకాలుంటాయి. ఏళ్లు పెట్టుబడి పెట్టే పిల్లాడిది అందులో ఉండదు.

ఇక్కడే మేనమామ గుర్తొచ్చాడు. 2025 ఆగస్టులో 24 క్రాఫ్టుల సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ రెండు వారాలకు పైగా షూటింగులు ఆపారు. అడిగినంతా రాలేదు, కానీ పెంపు వచ్చింది. మామకి రోబో తెలీదు. పదిమందితో కలిసి "ఈ కూలికి రాం" అనడం తెలుసు. అదీ పనితనమే. ఏ సిలబస్‌లోనూ లేదు. యజమాని రాసే సిలబస్‌లో ఉంటుందని ఆశించడమూ అమాయకత్వమే. అందుకే సిలబస్ రాసే బల్ల దగ్గర బడి కూడా పిల్లాడి తరఫున కూర్చోవాలి. అక్కడ అది కంపెనీ ఏజెంటైతే, ఇక దాన్ని బడి అనడం దేనికి?

మర్నాడు ఆ కుర్రాడితో అన్నాను: "ఐటీఐకే వెళ్లు. కానీ ఇక్కడ నేర్పింది వేరే కంపెనీలో పనికొస్తుందా అని అడుగు. కూలి ఎట్లా పెరిగిందో మీ మామని అడుగు."

"మామని అడుగుతా గానీ, మొదటిది ఎవర్ని అడగాలన్నా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అడ్మిషన్ రోజు వాడితో పాటు వెళ్దామనుకుంటున్నా.