మారని షడ్జం

కొన్ని పాటలు తెల్లవారుజామునే వినాలనిపిస్తుంది. ఊరు లేవకముందు, చెవిన ఇంకో చప్పుడు పడకముందు.

గిటారిస్టు జో సాట్రియానీ 1987లో తెచ్చిన ‘సర్ఫింగ్ విత్ ది ఏలియన్’ అలాంటి వేళకు తగిన ఆల్బమ్ అని ఎవరూ అనరు. పది పాటలున్నా పాడేవాళ్లు లేరు, కథంతా ఎలక్ట్రిక్ గిటారే నడుపుతుంది. చాలాచోట్ల ఉరుకులు పరుగులు. గాయకుడు లేని రాక్ సంగీతం అమెరికాలో బిల్‌బోర్డ్ జాబితా 29వ స్థానం దాకా వెళ్లడం అప్పట్లో వింతే. అంత వేగం మధ్య నాలుగోదిగా ‘ఆల్వేస్ విత్ మీ, ఆల్వేస్ విత్ యూ’ వస్తుంది. దానికి తొందర లేదు.

వెనక సాగే గిటారు మీద చెవి పెడితే, కుడి అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర తీగలకు ఆనించి ఉందని తెలుస్తుంది. మీటిన ప్రతి స్వరమూ పుట్టీ పుట్టగానే అణిగిపోతుంది. దాని మీదుగా అసలు బాణీ మాత్రం సాగుతూ, ఊపిరి తీసుకుంటూ వెళ్తుంది. స్వరాన్ని అక్కడ అణచిన చెయ్యే ఇక్కడ స్వేచ్ఛగా వదిలింది.

ఈ పాట బి మేజర్‌లో మొదలవుతుంది. మన లెక్కలో ఏడు శ్రుతిలో శంకరాభరణం లాంటి వెలుగు. సగం దారిలో ఆ వెలుగు తగ్గుతుంది. షడ్జం ఉన్నచోటే ఉంటుంది, గాంధారం ఒక మెట్టు దిగుతుంది. నటభైరవి ఛాయ పరుచుకుంటుంది. కాసేపటికి మళ్లీ తేట పడుతుంది.

మన చెవికి ఇదేమంత కొత్త కాదు. రాగమాలికలో రాగాలు ఒకదాని వెంట ఒకటి మారుతున్నా తంబూర మోగించే షడ్జం మారదు. సాట్రియానీకి ఈ పద్ధతి హైస్కూల్లో సంగీతం మాస్టారి దగ్గర దొరికింది. ‘పిచ్ యాక్సిస్’ అంటారు. ఆధారాన్ని కదపకుండా దాని చుట్టూ రంగు మార్చడం.

మనిషికి దిగులు వచ్చినప్పుడు ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపిస్తుంది. ఊరు మారితే, పని మారితే బాగుండుననిపిస్తుంది. దిగులు కూడా ఉన్నచోటనే వచ్చి, ఉన్నచోటనే తేట పడగలదా? ఈ మూడు నిమిషాల పైచిలుకు సంగీతం పడగలదనే అంటున్నట్టుంది. నమ్మాలో వద్దో తేలదు.

సాట్రియానీ బతుకులోనూ అలాంటి నిలకడ ఒకటి కనిపిస్తుంది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఓ గిటార్ల దుకాణంలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాడు. అక్కడ నేర్చుకున్న కర్క్ హామెట్ 1983లో మెటాలికా బ్యాండులో చేరాడు. అంతకుముందే, న్యూయార్క్ రోజుల శిష్యుడు స్టీవ్ వాయ్ గిటారిస్టుగా పేరు తెచ్చుకున్నాడు. గురువు మాత్రం పాఠాలు చెబుతూనే ఉన్నాడు. 1986లో వచ్చిన మొదటి ఆల్బమ్‌కు క్రెడిట్ కార్డు మీద డబ్బు తెచ్చుకోవాల్సి వచ్చింది. రెండోదైన ఈ ఆల్బమ్‌తో లోకం ఆయన వైపు తిరిగేసరికి ముప్పై ఒక్కేళ్లు.

దూరం నుంచి చూస్తే అవన్నీ ఎదురుచూపు ఏళ్లు. లోపల అలా ఉందో లేదో. ఎదుట కూర్చున్న పిల్లవాడి వేళ్లు సరిచేస్తున్న గంటలో మనసు నిజంగా ఆ వేళ్ల మీదే ఉంటే, ఇంక ఎదురుచూసేది ఎవరు? పద్దెనిమిదేళ్లప్పుడు ఆయన లెనీ ట్రిస్టానో అనే జాజ్ పియానో విద్వాంసుడి దగ్గర కొంతకాలం నేర్చుకున్నాడు. అలా చేసి ఉంటే, ఇలా జరిగి ఉంటే అన్న తలపోతను దరికి రానివ్వకపోవడం ఆ పాఠాల్లో ఒకటని తర్వాత చెప్పుకున్నాడు. వాయిద్యం దగ్గరైనా, ఇంట్లోనైనా అంత తేలికగా అబ్బే విద్య కాదది. జరగనిదాన్ని తలచుకోవడంలోనూ ఏదో తీపి ఉంటుంది.

అయినా కదలకుండా ఉండటమంతా నిలకడేనా? భయం కూడా కదలనివ్వదు, బద్ధకమూ కదలనివ్వదు. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. షడ్జం ఒక్కటే మోగుతూ ఉంటే అది పాట కాదు. దాని చుట్టూ ఏదో ఒకటి మారుతూ ఉండాలి. ఆ మార్పుకు చోటివ్వని స్థిరత్వం సంతృప్తి అవుతుందా అన్నది సందేహమే.

ఇంకొకటీ తోస్తుంది. మేజర్‌లో సాగినంతసేపు ఆధార స్వరం ఉందన్న ధ్యాసే ఉండదు. గాంధారం కిందికి దిగి నీడ పడ్డాకే, మారనిది ఒకటి అడుగున ఉందని చెవికి తెలుస్తుంది. కష్టకాలంలోనే ఆధారం తెలుస్తుందని పెద్దలు అనేది ఇందుకేనేమో. కానీ అందుకు కష్టం దాకా ఆగాలా? అంతా బాగున్న మామూలు పొద్దులోనూ అది మోగుతూనే ఉంటుంది కదా. అప్పుడు కూడా వినగలిగితే దాన్నే తృప్తి అనవచ్చునేమో.