నేను దాటేసిన అధ్యాయం

మా ఇంట్లో పొద్దున కాఫీ కంటే ముందు బైబిలు. అది చదివాకే అమ్మ పొయ్యి వెలిగించేది. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబాల్లో పెరిగినవాళ్ళలో చాలామందికి ఈ లెక్క తెలిసే ఉంటుంది. రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు చదివితే 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు ఏడాదిలో పూర్తవుతాయి. అమ్మ ఐదో తరగతితో చదువు ఆపేసింది. ఆ తర్వాత ఆమె చేతికి అందిన పుస్తకం అదొక్కటే. అందుకే బైబిలు చదవడం అంటే నాకు భక్తి కంటే ముందు, ఒక ఆడమనిషి తనకోసం తీసుకున్న అరగంట గుర్తొస్తుంది. ఆ అరగంటా నాన్న కూడా ఆమెను పిలిచేవాడు కాదు.

రాత్రి కుటుంబ ప్రార్థనలో మాత్రం అమ్మ కొన్ని పేజీలు తిప్పేసేది. న్యాయాధిపతులు 19వ అధ్యాయం వస్తే “ఇది పెద్దయ్యాక చదువుకుందురుగాని” అనేది. పెద్దయ్యాక నేనూ తిప్పేశాను. పిల్లలకు వినిపించేటప్పుడే కాదు, ఒక్కదాన్నే చదువుకునేటప్పుడు కూడా.

1994లో మా చెల్లెలు మొగుడి దెబ్బలకు తట్టుకోలేక పుట్టింటికి వచ్చేసింది. ఎడమ చేతికి కట్టు. నెల తిరక్కుండానే అతనూ, అతని అన్నా, ఇద్దరు సంఘ పెద్దలూ వచ్చారు. అమ్మ కోడికూర వండింది. రాత్రికి ఉండిపొమ్మని నాన్న వాళ్ళను బతిమాలాడు. ప్రార్థనలో వాక్యం చదివే పని నాది. నేను టీచర్ని, గొంతు బాగుంటుందని ఎప్పుడూ నాకే ఇచ్చేవారు. ఎఫెసీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయం, భార్యలు భర్తలకు లోబడాలనే భాగం. దానికి ముందు వచనంలోనే అందరూ ఒకరికొకరు లోబడాలని ఉంది. నేను అక్కడి నుంచి మొదలుపెట్టలేదు. పెద్దలు వేలుపెట్టి చూపించిన చోటి నుంచి చదివాను. చెల్లెలు వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి విన్నది. మర్నాడు పొద్దున బస్సుకు వాళ్ళతో వెళ్ళిపోయింది.

అప్పట్లో చట్టం కూడా ఆమెకు దారి చూపించే స్థితిలో లేదు. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్త భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్యకు అది చాలదు, దానితోపాటు క్రూరత్వం లాంటిది ఇంకొకటి చూపించాలి. కొడుతున్నాడన్న ఒక్క కారణంతో విడాకులు రావు. పార్లమెంటు దాన్ని సవరించింది 2001లో. కానీ ఆ రాత్రి మా ఇంట్లో చట్టం గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను చదివిన వాక్యమే సరిపోయింది.

తొమ్మిదేళ్ళ తర్వాత, 2003లో, చెల్లెలు ఎవరినీ అడక్కుండా కూతుర్ని చంకనేసుకుని వచ్చేసింది. ఆ ఏడాదే మొదటిసారి నేను న్యాయాధిపతులు 19 ఆపకుండా చదివాను. ఒక లేవీయుడి ఉపపత్ని అతన్ని వదిలి బెత్లెహేములో ఉన్న తండ్రి ఇంటికి వెళ్ళిపోతుంది. నాలుగు నెలల తర్వాత అతను ఆమెను తీసుకుపోవడానికి వస్తాడు. మామ అతన్ని ఐదో రోజు దాకా కదలనివ్వడు. ఇద్దరూ తింటారు, తాగుతారు. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. అధ్యాయం మొత్తంలో ఆమె ఒక్క మాట మాట్లాడదు. ఆమెకు పేరే లేదు. దారిలో గిబియాలో అతను తన ప్రాణం కోసం ఆమెను గుంపు చేతికి తోసేస్తాడు. తెల్లారేసరికి గడప మీద చేతులు పెట్టి ఆమె పడి ఉంటుంది.

అమ్మ మమ్మల్ని కాపాడాలనుకున్నది ఆ రాత్రి సంగతి నుంచి. నాకు మాత్రం చదువుతుంటే చెయ్యి వణికింది ఆ విందు దగ్గర.

స్త్రీవాద మిత్రులు అడుగుతుంటారు, ఇంకా ఎందుకు చదువుతావు అని. న్యాయమైన ప్రశ్నే. హాగరు కథలో ఓదార్పు వెతుక్కుందామంటే, దేవుడికి పేరు పెట్టిన ఆ బానిస స్త్రీని కూడా దేవదూత యజమానురాలి దగ్గరికే తిరిగి వెళ్ళమంటాడు. ఈ పుస్తకాన్ని పూర్తిగా వెనకేసుకు రావడం నా వల్ల కాదు. అయితే పండిత రమాబాయి జీవితపు చివరి ఏళ్ళలో హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మామూలు ఆడవాళ్ళకు అర్థమయ్యే మరాఠీలోకి బైబిలును తెచ్చింది. ఎవరో వేలుపెట్టి చూపించిన చోటే చదవాల్సిన అవసరం ఆడవాళ్ళకు లేకుండా చేసింది. ఫిలిస్ ట్రిబుల్ 1984లో హాగరు, తామారు, యెఫ్తా కూతురు, ఈ పేరులేని స్త్రీ, నలుగురి కథల మీదా ఒక పుస్తకం రాసింది. వాటిని దాటేయకుండా, ఆ స్త్రీలను తలుచుకోవడం కోసం చదవాలన్నది ఆమె పద్ధతి. నాకు పట్టుకోవడానికి దొరికిన కొమ్మ అదే.

చెల్లెలు ఇప్పటికీ రోజూ చదువుతుంది. ఒకసారి ఉండబట్టలేక, నీకు కోపం రాదా అని అడిగాను. “పుస్తకం నన్ను పంపలేదక్కా. మీరు పంపారు” అంది. నేను ఏడ్చాను గానీ, పూర్తిగా ఒప్పుకోలేకపోయాను. ఆ మాట పుస్తకంలో లేకపోతే నాకు చదవడానికి ఏముండేది? కానీ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో ఎంచుకున్నది మనుషులే. ఆ మనుషుల్లో నేనూ ఉన్నాను. దేవుడి మాట అని చేతులు కడుక్కోవడానికి లేదు. విశ్వాసం ఆ బాధ్యత నుంచి నన్ను తప్పించదు, ఇంకా గట్టిగా దాని ముందు కూర్చోబెడుతుంది.

పోయినేడు కుటుంబ ప్రార్థనలో వరసలో ఆ అధ్యాయం వచ్చింది. చెల్లెలూ, దాని కూతురూ ఉన్నారు. పేజీ తిప్పలేదు. చివరిదాకా చదివాను. కాసేపటికి అమ్మాయి అడిగింది, “మరి వాళ్ళ నాన్న తర్వాత ఏం చేశాడు పెద్దమ్మా?”

అధ్యాయంలో ఆ సంగతి లేదు. బైబిలు మూసి, 1994లో మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టాను. ఎఫెసీయులకు రాసిన పత్రిక ఎవరు చదివారో కూడా చెప్పాను.