ఎదురుచూపుకు గడువు

దినపత్రిక లోపలి పేజీల్లో, స్థలాల అమ్మకం ప్రకటనల పక్కన, కోర్టు నోటీసులు పడుతుంటాయి. మీ భార్య విడాకులకు దరఖాస్తు చేసింది, ఫలానా తేదీన మీరైనా మీ వకీలైనా హాజరు కావాలి, రాకుంటే మీ పరోక్షంలోనే తీర్పు వెలువడుతుంది అని. ఆ పెద్దమనిషి దాన్ని చదివే అవకాశం లేదని వేయించినవాళ్లకూ తెలుసు. ఈ నోటీసులు కంటబడితే ఆగి చదువుతాను. జాడ లేని మనిషికి మనం ఏం బాకీ, అతని కోసం బతుకు ఆపుకున్న మనిషికి ఏం బాకీ? రెండు ప్రశ్నలూ ఆ నాలుగు వాక్యాల్లోనే ఉన్నాయి.

ఆ నోటీసు తేలిగ్గా రాదు. ముందు చివరి చిరునామాకు సమన్లు వెళ్లి, ఇక్కడ లేరన్న రాతతో తిరిగి రావాలి. మామూలు పద్ధతిలో అందించడం కుదరదని జడ్జికి నమ్మకం కలగాలి. అప్పుడే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఐదో ఆర్డరు 20వ రూలు కింద కోర్టులోనూ, అతను చివరగా ఉన్న ఇంటికీ నోటీసు అంటించమనో, ఆ ప్రాంతపు దినపత్రికలో వేయమనో ఆదేశిస్తారు. వాయిదా నాడు బంట్రోతు పేరు పెట్టి పిలుస్తాడు. ఎవరూ పలకకపోతే ఎక్స్‌పార్టీ, అంటే పరోక్షంలోనే విచారణ. అయినా సాక్ష్యం చూడకుండా డిక్రీ ఇవ్వరు.

హిందూ వివాహ చట్టంలో ఇలాంటివాళ్లకు రెండు దారులున్నాయి. భర్త వదిలేసి రెండేళ్లు నిండితే ఒకటి. అతను బతికుంటే సహజంగా కబురు అందాల్సినవాళ్లెవరికీ ఏడేళ్లుగా అందకపోతే రెండోది. మొదటి దారిలో కావాలనే వదిలాడని రుజువు చేయాలి. రెండో దారి అతను బతికి లేడేమోనన్న ఊహ మీద నడుస్తుంది. కావాలనే వదిలాడో, బతికే లేడో ఆమెకు తెలియదు. తిట్టుకుందామంటే ద్రోహం చేశాడన్న రూఢి లేదు, ఏడుద్దామంటే పోయాడన్న కబురు లేదు. గల్ఫ్‌కు వెళ్లిన భర్త ఫోను ఉన్నట్టుండి మూగబోతే, జగిత్యాల వైపైనా సిరిసిల్ల వైపైనా ఆ ఇల్లాలికి పట్టే గతి ఇదే. బొట్టు పెట్టుకుంటే ఒక మాట, తీసేస్తే ఇంకో మాట. లక్ష్మణుడి కోసం నిద్రపోయిన ఊర్మిళకైనా పద్నాలుగేళ్లని లెక్క తెలుసు. ఈమెకు ఆ లెక్క చెప్పేవాళ్లు లేరు.

ఏడేళ్ల దారిలో చట్టం ఆమెను అడిగేది ఒకటే: నిజంగా వెతికావా? అత్తమామల్ని, తోడబుట్టినవాళ్లని, పనిచేసిన చోట అడిగావా? పోలీసులకు ఫిర్యాదు ఇచ్చావా? అతనేమయ్యాడో చట్టానికీ తెలియదు. ఏడేళ్లు దాటితే మరణించినట్టు భావించవచ్చు గానీ, ఎప్పుడు మరణించాడో ఆ భావన చెప్పదని సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుంటూనే బతికున్న మనిషికి దారి ఇవ్వడం నాకు గొప్ప వివేకంగా కనిపిస్తుంది.

కాబట్టి వెతుకులాటలో అబద్ధం ఆడితే ఈ ఏర్పాటంతా కూలిపోతుంది. భార్య పుట్టింట్లో ఉందని తెలిసీ, ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటి చిరునామా ఇచ్చి, ఎక్స్‌పార్టీ డిక్రీ తెచ్చుకునే భర్తలున్నారు. అలాంటి డిక్రీని రద్దు చేయమని ఆమె అడగవచ్చు. సమన్లు సక్రమంగా అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి 30 రోజుల గడువుంది. తప్పిపోయినవాడి పేరు పిలవడం మర్యాద. ఎదుట ఉన్న మనిషిని తప్పిపోయిందనడం పాపం.

ఎదురుచూపుకు హద్దుండాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. వితంతు వివాహాల కోసం ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఆధారం చేసుకున్న పరాశర స్మృతి శ్లోకంలో, స్త్రీ మళ్లీ పెళ్లాడదగిన అయిదు ఆపదల్లో మొదటిది భర్త జాడ తెలియకపోవడమే. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం నాలుగేళ్లు చాలంది. అయితే ఈ కారణంతో ఇచ్చిన డిక్రీ ఆరు నెలల దాకా అమల్లోకి రాదు. ఈలోగా భర్త తిరిగొచ్చి, కాపురపు బాధ్యతలు నెరవేరుస్తానని కోర్టును ఒప్పిస్తే డిక్రీ రద్దవుతుంది. వెళ్లినవాడికి చివరి అవకాశం, ఉన్నామెకు ఒక ముగింపు. న్యాయమంటే ఈ రెండూ కలిసి ఉండాలి.

వెతకడం మనిషి ధర్మం. దొరకడం మన చేతిలో లేదు. నిజాయితీగా వెతికినవాళ్లు తమ బతుకు తాము బతకడానికి ఎవరి క్షమాపణా అడగనక్కర్లేదు. 2003 సవరణ తర్వాత హిందూ వివాహ చట్టం కింద భార్య తానున్న ఊరి పరిధిలోని కోర్టులోనే దరఖాస్తు వేసుకోవచ్చు. ఆదాయంతో పనిలేకుండా ఏ స్త్రీకైనా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. మీ వీధిలో అలాంటి ఆడమనిషి ఉంటే, ‘రేపు ఆయన వచ్చేస్తే?’ అని అడగకండి. వాయిదా ఎప్పుడో కనుక్కుని తోడు వెళ్లండి.