కూలి తెలియనివాడి కర్మయోగం

ఫలం మీద ఆశ పెట్టుకోకుండా పని చెయ్యమంటుంది భగవద్గీత రెండో అధ్యాయం. హిందూపురం నుంచి కువైట్‌కు డ్రైవరుగానో, ధర్మవరం నుంచి సౌదీకి ప్లంబరుగానో బయల్దేరేవాడికి ఈ మాట ఎలా వినబడాలి? అతను అప్పు చేసి విమానమెక్కేదే ఫలం కోసం. కూతురి పెళ్లి, ఎండిన బోరు, మగ్గం మీద తీసుకున్న బాకీ. అతని ఫలాలన్నిటికీ పేర్లున్నాయి.

అయితే జీతమెంతో, పని గంటలెన్నో రాసిన ఒప్పందం అరబ్బీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. చదవడం రానివాడు ఏజెంటు నోటిమాట నమ్మి సంతకం పెడతాడు. తనకు రావలసినదేమిటో తెలియనివాడు దాన్ని త్యజించాడని ఎలా అంటాం? పోగొట్టుకున్నాడంతే. కర్మకు ప్రేరణలుగా జ్ఞానాన్ని, తెలుసుకోవలసిన దాన్ని, తెలుసుకునేవాణ్ణి లెక్కపెట్టింది కూడా గీతే, పద్దెనిమిదో అధ్యాయంలో.

బాబయ్య దర్గా ఉన్న పెనుకొండలో ఈ ప్రశ్నను మరో వైపు నుంచీ అడగొచ్చు. చెమట ఆరకముందే కూలి ఇమ్మన్నది ప్రవక్త బోధ. కూలి ఎంతో తేల్చకుండా కుదుర్చుకున్న పని ఒప్పందం చెల్లదన్నది ఇస్లామీ ధర్మశాస్త్ర పండితుల్లో ఎక్కువమంది మాట. ఒక సంప్రదాయం పనివాడి మనసుతో మాట్లాడితే, మరొకటి యజమాని చేతిని పట్టుకుంటోంది. రెండింటికీ తెలివిడే పునాది.

చట్టానికి ఈ సంగతి కొంత తెలుసు. పదో తరగతి పాసవనివాళ్లు 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే సాధారణంగా 1983 వలస చట్టం కింద ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఏజెంటు రుసుము, జీఎస్టీ కాకుండా, 30 వేల రూపాయలు దాటకూడదు. ప్లంబర్లకు, వెల్డర్లకు, ఎలక్ట్రీషియన్లకు సౌదీ నైపుణ్య పరీక్ష పెడుతోంది. పైపు బిగించడం వచ్చో రాదో అందులో తేలిపోతుంది. కానీ ఓవర్‌టైం డబ్బు రాలేదని నిలదీసేందుకు కావలసిన భాష ఎవరి పూచీ?

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలైంది. హైవే పక్కన కొరియన్ అక్షరాల బోర్డులు, కొరియన్ భోజనశాలలు వెలిశాయి. కొరియా నుంచి వచ్చిన ఇంజనీరు కోసం ఊరే కాస్త అతని భాష నేర్చుకుంది. ఇక్కణ్నుంచి రియాద్ వెళ్లే కార్మికుడి కోసం ఏ వీధీ తెలుగు నేర్చుకోదు. భాష రానితనం ఒకరికి అసౌకర్యం, మరొకరికి నష్టం.

ఐటీఐలో ప్లంబరుకు ఏడాది, ఎలక్ట్రీషియనుకు రెండేళ్లు పని నేర్పుతారు. ప్రయాణానికి ముందు ప్రభుత్వం ఇచ్చే అవగాహన శిక్షణ ఒక్క రోజు. ఆ ఒక్క రోజులో ఎన్ని అరబ్బీ మాటలు నోటికి వస్తాయో లెక్కేస్తే, అజ్ఞానానికి పనివాణ్ణి ఒక్కణ్ణే తప్పుపట్టడం ఏ ధర్మానికైనా కష్టమే.