బుజ్జిదానికి ఊరు చూపించు

అమ్మాయ్,

ఈ ఎండాకాలం బుజ్జిదాన్ని బయటికి తీసుకెళ్లొచ్చా, ఏడాది నిండేదాకా ఇంట్లోనే ఉంచాలా అని అడిగావు. మీ అత్తగారు ఒకటి చెప్పారు, పక్క ఫ్లాటావిడ ఇంకోటి చెప్పింది, ఫోనులో చూసినవి మరో పది. నన్నడిగితే తీసుకెళ్లమనే అంటాను. కాకపోతే పండగకు తగ్గట్టు బిడ్డను సర్దకు, బిడ్డకు తగ్గట్టు పండగను సర్దుకో. ఎప్పుడు వెళ్లాలి, ఎంతసేపు ఉండాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అనేవి దాని నిద్రా, దాని ఆకలీ చూసి నువ్వు తేల్చుకోవాలి. ఈ ఒక్కదానికి నువ్వూ మీ ఆయనా ఒప్పుకుంటే హైదరాబాదులో ఉగాది నుంచి బోనాల దాకా హాయిగా తిరగొచ్చు.

ఇంకో సంగతి. పురుడు వచ్చినప్పటి నుంచి నువ్వు ఆ గదిలోనే ఉన్నావు. పాలు, నిద్ర, బట్టలు, మళ్లీ పాలు. నీ గొంతులో అలసట నాకు తెలుస్తూనే ఉంది. పొద్దున్నే చెట్ల కింద అరగంట నడిచినా, నలుగురు మనుషుల్ని చూసినా నీ మనసు తేలికపడుతుంది. ఈ షికార్లు బిడ్డ కోసమే అనుకోకు, సగం నీ కోసం. తిరిగొచ్చినా దిగులు వదలకపోతే, బిడ్డ పడుకున్నా నీకు నిద్ర పట్టకపోతే, మనసులో దాచుకోకుండా డాక్టరుతో చెప్పు. బాలింతలకు ఇలా కావడం ఉన్నదే, దానికి వైద్యమూ ఉంది.

ముందు ఎండ మాట. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో 40 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు. మనకు చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది. పసివాళ్లకు ఆ ఏర్పాటు ఇంకా కుదురుకోదు. పైగా వాళ్ల బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, బయటి వేడి తొందరగా ఎక్కేస్తుంది. దాహమేస్తోందని చెప్పలేరు, నీడలోకి జరగలేరు. అందుకే పది గంటల నుంచి ఐదింటి దాకా దాన్ని ఎండలోకి తీసుకెళ్లొద్దు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఎండ దిగాక ఓ గంటన్నర. ఇవే మీ వేళలు. సన్‌స్క్రీన్ ఆరు నెలలు నిండేదాకా వద్దు. నీడను మించింది ఏదీ లేదు, గొడుగు మరిచిపోకు.

తోపుడు బండి మీద పల్చటి దుప్పటి కప్పి తీసుకెళ్లేవాళ్లను చూస్తుంటాను. ఎండ తగలకుండా అని వాళ్ల ఉద్దేశం. కానీ లోపల గాలి ఆడదు, వేడి బయటికి పోదు. గొడుగు పట్టు, గుడ్డ కప్పొద్దు. అసలు మన ఫుట్‌పాత్‌ల మీద ఆ బండి నాలుగడుగులు సాగదు, చంకనెత్తుకోవడమే నయం. బొడ్డుసంచీలా కట్టుకునే క్యారియర్ వాడితే, బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనకుండా, మొహం నీకు కనపడేలా ఉంచు. నీ ఒంటి వేడీ, దాని ఒంటి వేడీ కలుస్తాయి, కాబట్టి అరగంటకోసారి తీసి గాలి తగలనియ్యి. ఒంటి మీద ఒకే పొర, వదులైన నూలు బట్ట. మెడ మడతలూ చంకలూ తడిగుడ్డతో తుడువు, పౌడరు చల్లొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పార్కు చేసిన కారులో బిడ్డను ఒక్క నిమిషం కూడా వదలొద్దు, అద్దం కాస్త దించినా సరే. ఎండలో ఆగిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. ఇక బైకు సంగతి. మీ ఆయనకు బైకు మీద ముచ్చట ఉందని నాకు తెలుసు. నాలుగేళ్లలోపు పిల్లల్ని ఎక్కించుకుంటే నడిపేవారికి కలిపి బెల్టు కట్టాలనీ, వేగం 40 దాటకూడదనీ, తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు హెల్మెట్ ఉండాలనీ 2022లో కేంద్రం నిబంధన పెట్టింది. బుజ్జిదాని మెడ ఇంకా గట్టిపడలేదు. దాన్ని బైకు ఎక్కించొద్దని నా మాటగా ఆయనకు చెప్పు.

మెట్రో ఉందిగా! 2017లో వచ్చినప్పటి నుంచి మనలాంటి వాళ్లకు అదొక వరం. స్టేషనులో లిఫ్టు, లోపల చల్లదనం, ఆడవాళ్లకు విడిగా చోటు. ఆఫీసుల వేళ తప్పించు చాలు. బుజ్జిదానికైతే రైలే ఒక షికారు. కిటికీలోంచి మేడలు వెనక్కి పోతుంటే కళ్లు విప్పార్చి చూస్తుంది. రెండు స్టేషన్లు వెళ్లి వెనక్కొచ్చినా ఆ పూటకు చాలు.

తిండి విషయంలో గట్టిగా ఉండు. ఆరు నెలలు నిండేదాకా నీ పాలే. ఎంత ఎండలోనైనా నీళ్లు అక్కర్లేదు, పాలలోనే కావలసినంత నీరు ఉంటుంది. మాటిమాటికీ పట్టు, నువ్వు మాత్రం నీళ్లు బాగా తాగు. ఆరు నిండాక కాచి చల్లార్చిన నీళ్లు రెండు మూడు గుక్కలు. గ్లూకోజు నీళ్లు, షర్బత్తు, చెరుకురసం ఏవీ వద్దు. డబ్బాపాలైతే ఎప్పటికప్పుడు కలుపు, కలిపి రెండు గంటలు దాటితే పారబొయ్యి. ఉగ్గు ఇంట్లో పెట్టే బయలుదేరు. మామిడిపండు రసం నాలిక్కి రాయాలని నీకు ఎంత ఆశో! ఆరు నిండాక రాయి, కానీ పండు బాగా కడిగి ఇంట్లోనే. బండి మీద కోసినవి వద్దు.

ఉగాది తర్వాత ముందొచ్చేది శ్రీరామనవమి. సీతారాంబాగ్ నుంచి సాగే శోభాయాత్ర పసిబిడ్డతో వెళ్లే చోటు కాదు. జనం, ధ్వని, ఎండ మూడూ అక్కడ ఒక్కచోటే. మీ కాలనీ పందిట్లో సీతమ్మ కల్యాణం జరుగుతుందిగా, అక్కడ వెనక వరుసలో, స్పీకరుకు దూరంగా కూర్చో. పక్కనున్నవాళ్లతో మాట్లాడటానికి నువ్వు అరవాల్సి వస్తే ఆ చోటు దాని చెవులకు మంచిది కాదు, లేచిరా. తలంబ్రాలు దాని తల మీద రెండు వెయ్యి, మురిసిపో. వడపప్పు గొంతులో అడ్డం పడుతుంది, దాని గుప్పిట్లోకి రానీయకు. పానకం నువ్వు తాగు.

గుడిలో ఒక్కటి మాత్రం చాలా జాగ్రత్త. పంచామృతంలో తేనె ఉంటుంది. పూజారిగారు ప్రేమగా ఒక చుక్క నోట్లో వేస్తారు, వద్దనడానికి మనకు నోరు రాదు. ఏడాది లోపు బిడ్డకు తేనె ఒక్క చుక్క కూడా పెట్టకూడదు. అందులో ఉండే ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో చేరి విషం తయారుచేస్తుంది, దాంతో కండరాలు పట్టు తప్పుతాయి, ఊపిరికే ముప్పు రావచ్చు. పెద్దవాళ్ల పేగులు తట్టుకుంటాయి కాబట్టి మనకేం కాదు. తీర్థంలో పచ్చకర్పూరం ఉంటుంది, అదీ పసివాళ్లకు పడదు. బిడ్డ చేతిని నువ్వే పట్టుకుని తీర్థం నీ అరచేతిలో తీసుకో, నువ్వు పుచ్చుకుని తడిచెయ్యి దాని తలకు రాయి. పూజారులు ఎవరూ తప్పు పట్టరు. పట్టినా ఫర్వాలేదు.

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండులో చేపమందు పంచుతారు. బుజ్జిదానికి శీతాకాలంలో రొంప పట్టిందని ఎవరో నిన్ను వెళ్లమన్నారట. వద్దు. గంటల తరబడి వరసలో నిలబెట్టి, పసిగొంతులో బతికున్న చేపపిల్లను వెయ్యడం నేను ఒప్పుకోను. దగ్గు ఉంటే పిల్లల డాక్టరుకు చూపించు.

అక్షయతృతీయకు మీ అత్తవారి విశాఖ వెళ్తామన్నావు. సింహాచలంలో ఆ ఒక్కరోజే స్వామి చందనం తీసిన నిజరూపంతో దర్శనమిస్తాడు, అందుకే కొండంతా జనం. మీ అత్తగారూ మామగారూ వెళ్లనీ, నువ్వు ఇంట్లో ఉండు. ఆ తర్వాత ఓ మామూలు రోజు తెల్లవారుజామునే బిడ్డను తీసుకెళ్లు. చందనపు స్వామీ స్వామే. ఆర్కే బీచికి సాయంత్రం వెళ్లండి, అలల చప్పుడు వింటుంది. కానీ అక్కడి ఉక్కకు చెమట ఆరదు. గాలి వీస్తోంది కదా అని ఏమరకు, వీపు తడిమి చూస్తూ ఉండు.

హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు సాయంత్రం వెళ్తే 1992లో నిలబెట్టిన బుద్ధుడి చుట్టూ వెలిగే దీపాలు నీళ్లలో ఆడుతుంటాయి. వెలుగుల్ని చూడటం ఆ వయసు పిల్లలకు ఎంత ఇష్టమో. దోమలుంటాయి, పల్చటి నూలు చొక్కా నిండుచేతులది వెయ్యి, కాళ్లు కప్పు. జూ పార్కుకు సోమవారం సెలవు, మిగిలిన రోజుల్లో గేటు తెరిచేసరికి అక్కడుండండి. పులిని వెతకొద్దు, బుజ్జిదాని చూపు అంత దూరం ఆనదు. దగ్గరగా నెమలి ఉన్న చోట నిలబడు, చెట్టాకు ఒకటి దాని వేళ్లకు తగలనియ్యి. దానికి జూ అంటే అంతే, తొమ్మిది కొట్టేలోపు ఇంటిదారి పట్టు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. తొలకరి పడి ఊరు చల్లబడ్డాక వెళ్లండి. అక్కడి పాత గడియారంలో గంటగంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. బుజ్జిది గడియారాన్ని చూడదు, చుట్టూ తలలెత్తి చూస్తున్న జనాన్ని చూస్తుంది. చూడనియ్యి.

బోనాల నాటికి దానికి తొమ్మిది నెలలు నిండుతాయి. తొమ్మిదో నెల నిండగానే వేసే తట్టు టీకా ఆలస్యం చెయ్యకు. అది వేయించి రెండు వారాలు గడిచాకే జనంలోకి. బోనాలు ఆషాఢంలో గోల్కొండ జగదాంబ దగ్గర మొదలై, తర్వాత సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజా. గోల్కొండకు కోటమెట్లు ఎక్కాలి, బిడ్డతో అక్కర్లేదు. సికింద్రాబాదులో జరిగే లష్కర్ బోనాలకు మా ఇంటికే రండి. తెల్లవారుజామున మా గల్లీ గుడికి బోనాలు వెళ్లేటప్పుడు గుంపు ఉండదు. తలమీద కుండ, కుండకు పసుపూ కుంకుమా, చుట్టూ వేపమండలు, పైన ముంతలో వెలిగే దీపం. ఆడవాళ్లు నడుస్తుంటే ఆ దీపం కదలకుండా వెళ్తుంది. నువ్వూ ఒక బోనం ఎత్తుకో. నీ పెళ్లయినప్పటి నుంచి నాకు ఆ కోరిక ఉంది. బిడ్డను వాళ్ల నాన్న ఎత్తుకుంటాడు, నేను పక్కనే ఉంటాను. పొద్దెక్కాక పోతురాజు వస్తాడు. ఒంటినిండా పసుపు, కాళ్లకు గజ్జెలు, కొరడా చెళ్లుమంటుంది, డప్పులు దద్దరిల్లుతాయి. అప్పటికి మనం మేడమీద ఉండాలి. పైనుంచి చూస్తే డప్పు లయ వినపడుతుంది గానీ దాని చెవులు హోరెత్తవు. ఏడిస్తే లోపలికి తీసుకెళ్లి పాలిచ్చి పడుకోబెట్టు. భవిష్యవాణి చెప్పే రంగం మర్నాడు, అది పెద్దవాళ్ల కోసం. సాంబ్రాణి పొగ దగ్గరికి మాత్రం తేవొద్దు.

పండగరోజు ముస్తాబులోనూ కాస్త చూసుకో. జూకాలు తీసి దుద్దులు పెట్టుకో, అది పట్టుకుని లాగితే చెవి తెగుతుంది. చీరకు పిన్నులు తగ్గించు. దాని మెడలో తాడూ, పూసలూ వద్దు, ఊడే మువ్వలూ వద్దు. గాలిబుడగ పగిలితే ఆ రబ్బరు ముక్క గొంతుకు అడ్డం పడుతుంది, కొనివ్వొద్దు. కాటుక కళ్లకు పెట్టకు, దిష్టిచుక్క అరికాలికి చాలు. ఇంటికొచ్చాక మీ అత్తగారు ఉప్పుతో దిష్టి తీస్తే తీయనీ, ఆవిడ తృప్తి ఆవిడది. మిరపకాయల పొగ మాత్రం బిడ్డ ఉన్న గదిలోకి రాకూడదు.

అందరూ బుగ్గ గిల్లుతారు, ముద్దు పెడతారు. కాదనడం నీకు మొహమాటం. "మా మేనత్త ఒప్పుకోదండీ, పాదాలు ముట్టుకోండి" అను. ఎవరేమనుకున్నా నా మీదే అనుకుంటారు.

ఎప్పుడైనా బిడ్డ మత్తుగా ఉండి పాలు తాగకపోయినా, నోరెండినా, గంటల తరబడి ఉచ్చ పోయకపోయినా, నడినెత్తి మెత్తన లోపలికి దిగినా ఆలోచిస్తూ కూర్చోవద్దు. నీడలోకి తెచ్చి బట్టలు విప్పి, మామూలు నీళ్లలో తడిపిన గుడ్డతో తుడుస్తూ పాలు పట్టించు, ఆ వెంటనే ఆస్పత్రికి బయలుదేరు. బండి దొరక్కపోతే 108కి ఫోను చెయ్యి. ఐసునీళ్లు పొయ్యొద్దు.

సంచిలో రెండు జతల బట్టలు, తడిగుడ్డలు, గొడుగు, పాత నూలుచీర ముక్క, నీకు నీళ్ల సీసా. అంతకుమించి మోయకు. మోసేది మీ ఆయన. ఎక్కడికెళ్లినా ఒక్కటే చూడండి, బిడ్డ విసుక్కోకముందే వెనక్కి తిరగండి. వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు కాలనీ పార్కు నుంచి మొదలుపెట్టు. వచ్చాక నాకు ఫోను చెయ్యి, ఎలా నవ్విందో చెబుదువుగాని.