ఎవరి భారము? ఎవరి బరువు?

ధ్యాన భాగము: గలతీయులకు 6:1–5

జంషెడ్‌పూర్ నగరములో అగ్రికో అను పేట కలదు. పార, గునపము మొదలైన సేద్యపు పనిముట్లు చేయు కర్మాగారమును బట్టి దానికి ఆ పేరు వచ్చినది. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల నుండి ఉక్కు పనికి వలసపోయిన తెలుగువారి సంతతివారు ఆ నగరములో నేటికిని అనేకులున్నారు. ఉదయము ఆరు, మధ్యాహ్నము రెండు, రాత్రి పది గంటలకు మారు షిఫ్టులే అక్కడ భోజన వేళలను, నిద్ర వేళలను, కొంతవరకు ఆరాధన వేళలను సయితము నిర్ణయించును. రాత్రి పని ముగించి వచ్చినవానికి పగలు నిద్ర పట్టదు. నిద్ర కొరకని త్రాగిన ఒక గ్లాసు కొన్ని ఏండ్లకు ఆ యింటికి యజమానియగుట కలదు.

అట్టివారు నలుగురైదుగురు వారమునకొకసారి ఆ పేటలోని ఒక క్వార్టర్సు ముందుగదిలో కూడి, తమ త్రాగుడును గూర్చి దేవుని యెదుటను ఒకరి యెదుట ఒకరును నిజము పలుకగోరుచున్నారనుకొందము. ఆ కూడికను నడుపువాడు మొదట ఏమి తెలిసికొనవలెను?

తప్పితములో చిక్కుకొనినవానిని ఏమి చేయవలెనో చెప్పుటకు పౌలు వాడిన గ్రీకు క్రియ ‘కతార్తిజో’. మార్కు 1:19లో యాకోబు యోహానులు దోనెలో కూర్చుండి తమ వలలకు చేయుచుండిన పనికిని ఇదే క్రియ. మన తెలుగు బైబిలులో ఈ రెండు చోట్లను వేరు వేరు మాటలున్నందున ఆ బంధుత్వము పాఠకునికి కనబడదు. అది అనువాదకుల దోషము కాదు. ప్రతి భాషయు తన దారిని పోవలసినదే. అయినను, ప్రియులారా, ఆ వలను తలంచుడి. చినిగిన వలను జాలరి తిట్టడు, ఒడ్డున పారవేయడు; ఒడిలో పరచుకొని ఏ కన్ను తెగెనోయని ఓపికతో వెదకును.

ఈ పని పైనుండి క్రిందికి జరుగునది కాదు. యాకోబు 5:16లో పాపముల ఒప్పుకోలు ఒకని నుండి మరియొకనికి, మరల అతని నుండి ఇతనికి సాగవలసినది. జాన్ వెస్లీ 1738 డిసెంబరు 25న చిన్న బృందములకు నియమములు వ్రాసినప్పుడు ఈ వచనమునే ఆధారము చేసికొనెను. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణమున బిల్ విల్సన్ అను వర్తకుడు, కొన్ని నెలలుగా త్రాగుడు మానియున్నవాడు, వ్యాపారము చెడి హోటలులో ఒంటరిగా నిలిచి, మరల త్రాగుదునేమోయను భయముతో పాదరులకు టెలిఫోను చేసెను. తనను రక్షింపుమని కాదు, తాను మాటలాడుటకు మరియొక త్రాగుబోతును చూపుమని అడిగెను. ఆవిధముగా డాక్టరు బాబ్ స్మిత్‌ను కలిసికొనెను. ఆల్కహాలిక్స్ అనానిమస్ అక్కడ పుట్టినది. ఆ తొలి సభ్యులకు యాకోబు పత్రిక మిక్కిలి ప్రియమైనది.

ఇక మన భాగములోని చిక్కునకు వత్తము. రెండవ వచనములో ఒకరి భారములను ఒకరు మోయుడనిన పౌలు, అయిదవ వచనములో ఎవని బరువు వాడే మోసికొనవలెనని చెప్పుచున్నాడు. గ్రీకులో మొదటిది ‘బారొస్’, అనగా మనుష్యుని అణచివేయు భారము. రెండవది ‘ఫొర్తియొన్’, అనగా ఒక్కొక్కనికి నియమింపబడిన మూట. మత్తయి 11:30లో క్రీస్తు తేలికయని చెప్పినది ఈ రెండవదే. చిన్న సమూహములు చెడునది సాధారణముగా ఈ రెంటిని తారుమారు చేయుటవలననే.

భర్త త్రాగి పడియుండగా జ్వరమని భార్య పై అధికారికి కబురంపును. అన్న చీటీపాట ఎత్తి సారా బాకీ తీర్చును. సంఘ పెద్ద మాట సహాయము చేసి సెలవు ఇప్పించును. ప్రేమతోనే చేయుదురు, గాని వాని మూటను వారెత్తుకొనిరి. త్రాగితినని తన నోటితో చెప్పుట, బాకీ తీర్చుట, కొట్టిన బిడ్డను క్షమాపణ అడుగుట వాని ఫొర్తియొన్. జీతపు దినము సాయంకాలము వానితో ఇంటివరకు నడచుట మన బారొస్. ఏండ్ల తరబడి విస్తారముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినయెడల రెండు మూడు దినములలో వణకు, మూర్ఛ, మతిభ్రమణము కలుగవచ్చును, ప్రాణమే పోవచ్చును. అట్టివానిని ఉపవాస ప్రార్థనకు కూర్చుండబెట్టక ఆసుపత్రికి కొనిపోవలెను. ప్రార్థన అక్కడను చేయవచ్చును.

భార్యల భారము వేరు; వారికి వేరు కూడిక మంచిది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో ఆ దుఃఖమును వంటయింటినుండి వీధిలోనికి తెచ్చి కలిసి మోయలేదా?

అక్కడ వినినది అక్కడనే నిలువవలెను. ప్రార్థనాంశమను పేరుతో మన సంఘములలో ఎంత చాడీ సాగునో చదువరులెరుగుదురు. అయితే భార్యనో బిడ్డనో కొట్టుట రహస్యముల పట్టికలో చేరదు. వారిని కాపాడుటయే ముందు. నలువది దినములు త్రాగనివానిని సువార్త సభలో సాక్ష్యమునకు నిలువబెట్టుట నాకు సమ్మతము కాదు. ఆ వేదికమీదనుండి దిగినవాడు మరల తప్పినయెడల, ముందుగదిలోని ఆ చాపమీదికి ఎట్లు రాగలడు?

తప్పినవాడు రానప్పుడు ఇద్దరు వెళ్లవలెను. సరిచేయువాడు తన్ను తాను చూచికొనవలెనని మొదటి వచనము హెచ్చరించుచున్నది గనుక, నిన్నమొన్న మానినవానిని ఒంటరిగా పంపరాదు. వెళ్లినవారు బోధింపనక్కరలేదు. ఆ పూట ఇంటిలో బియ్యమున్నవో లేవో అడిగి, వచ్చు కూడిక ఏనాడు, ఎవరి యింటనో చెప్పి రావలెను. ఆ దినము అతనికి మధ్యాహ్నపు షిఫ్టు పడినయెడల కూడిక వేళనే మార్చుకొనవలెను.