ఒకటికి ఎనభై ఏడు

పోయిన డిసెంబర్లో యాభై రెండు వేలు పెట్టి ఒక రైలింజన్ కొన్నాను. జానెడు పొడవుంటుంది. అందులో ముప్పై నాలుగు వేలు దాని ధర, మిగతాది కొరియరూ కస్టమ్సూ మింగాయి. ఈ లెక్క మా ఇంట్లో నా భార్యకొక్కదానికే తెలుసు. తెలిశాక రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. మా బాపుకి మాత్రం నాలుగు వేలని చెప్పాను. ఆయన దానికే "నాలుగు వేలా!" అన్నాడు.

అది బొమ్మ కాదు, మోడల్ అని మాలాంటివాళ్లం పట్టుబట్టి చెబుతుంటాం. హెచ్‌ఓ స్కేల్, అంటే అసలు ఇంజన్‌లో ఎనభై ఏడో వంతు. అమెరికాలో ఆల్కో కంపెనీ తయారుచేసిన ఆరు ఇరుసుల డీజిల్‌కి నమూనా. పక్కన పట్టుకునే కడ్డీలు, ఎక్కే మెట్లు, ఫ్యాన్ రెక్కలు, అద్దాల మీద వైపర్లు అన్నీ ఉంటాయి. లోపల చిన్న సర్క్యూట్, దానికో స్పీకర్. బటన్ నొక్కితే ఇంజన్ స్టార్టయిన చప్పుడు వస్తుంది. నిజానికి నేను కొన్నది ఆ చప్పుడుని.

బాపు కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. నేను పెరిగింది రైల్వే క్వార్టర్స్‌లో. అప్పట్లో ఎటు చూసినా డబ్ల్యూడీఎం-2 ఇంజన్లే. మొదటివి 1962లో ఆల్కో నుంచి దిగుమతయ్యాయి, 1964 నుంచి వారణాసిలోనే తయారు చేయడం మొదలైంది. పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. ఆగి ఉన్నప్పుడు దాని శబ్దం ఒక తీరుగా ఉండదు, గుర్రం నిలబడి కాళ్లు మార్చుకుంటున్నట్టు ఉంటుంది. కదిలేటప్పుడు ముందు నల్లటి పొగ, వెనకే టర్బో ఈల. నాకు చిన్నప్పుడు జోలపాట అదే. మన డబ్ల్యూడీఎం-2కే అంత పనితనమున్న మోడల్ నాకు దొరకలేదు. అందుకని అదే 251 రకం ఇంజన్ ఉన్న దాని అమెరికా అన్నని తెప్పించుకున్నాను.

పెట్టె తెరిచేసరికి ఎడమ పక్క కడ్డీ ఒకటి విరిగి అడుగున పడుంది. సర్లే, జిగురు పెట్టుకోవచ్చు. పట్టాల మీద పెట్టాను. చక్రం తిరిగినప్పుడల్లా టిక్కు, టిక్కు. కుంటుతోంది. విప్పి చూస్తే ఒక ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు నిలువునా చీలి ఉంది. ఇరుసు కంటే వీసమెత్తు బిగువుగా ఉన్న గేరుని దాని మీదికి ఎక్కిస్తే ఎప్పుడో ఒకప్పుడు చీలుతుంది, ఈ పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలిసిన పాత రోగమే. ఇదీ భరించేవాణ్ణి. కానీ స్టార్ట్ బటన్ నొక్కాక వచ్చిన గొంతు నా ఆల్కోది కాదు. నున్నగా, తీరుగా, పెళ్లిళ్లలో పెట్టే జనరేటర్ లాగా ఉంది. అమ్మేటప్పుడేమో అసలు ఇంజన్ దగ్గర రికార్డు చేసిన శబ్దం అని రాశారు.

ఆ రాత్రి నిద్ర పట్టక రెండింటికి లేచి కూర్చుని మెయిల్ రాశాను. ప్రింట్ తీస్తే మూడు పేజీలొస్తుంది. 'మోసం' అన్న మాట మూడుసార్లు వాడాను. మూడో రోజు జవాబొచ్చింది: మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ ఖర్చుతో వెనక్కి పంపితే పరిశీలిస్తాం, లేదా ఇంకోసారి కొన్నప్పుడు పదిహేను శాతం తగ్గిస్తాం. వెనక్కి పంపాలంటే ఎనిమిది వేలవుతుంది.

కోపం చల్లారాక నన్ను పట్టి పీడించిన ప్రశ్న ఇది. నన్ను నిజంగా మోసం చేశారా, లేక నేను నిరాశ పడ్డానా? రెండిటికీ కడుపులో మంట ఒకటే కాబట్టి మనం వాటిని ఒకటిగానే జమకడతాం. ఎక్కువ డబ్బు పెట్టినకొద్దీ ఇంకా తొందరగా జమకడతాం.

మా హాల్లో కొండపల్లి అంబారీ ఏనుగు ఒకటుంది. దాని తొండం అంత లావుండదు, కళ్లు రెండూ ఒక వరసలో లేవు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా అది తప్పు అనిపించలేదు. ఎందుకంటే పొణికి కర్రతో దాన్ని చెక్కిన మనిషి ఇది ఏనుగులో ఫలానా వంతు అని నాకు మాటివ్వలేదు. ఇంజన్ మోడల్ మాత్రం పెట్టె మీదే మాటిచ్చింది, ఒకటికి ఎనభై ఏడు అని. లోపం అనేది వస్తువులో పుట్టదు, మాటలో పుడుతుంది. మన వినియోగదారుల చట్టం కూడా లోపమంటే ఇలాంటిదే చెబుతుంది. ఒప్పందం పైకి చెప్పినదైనా, చెప్పకుండానే ఉన్నదైనా, అది కోరిన ప్రమాణానికి తగ్గితే లోపం. చెప్పకుండా ఉన్నది అన్న దగ్గరే గొడవంతా. నేను కాజీపేటని ఒప్పందంలో కలుపుకున్నాను. అటువైపు వాళ్లకి ఆ ఊరు ఉందనే తెలీదు.

తమాషా ఏమిటంటే, మోడల్ రైళ్ల లోకమంతా ఒప్పుకున్న అబద్ధాల మీద నడుస్తుంది. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడేది డబుల్ ఓ స్కేల్, అసలుకి డెబ్భై ఆరో వంతు. ఆ లెక్కన పట్టాల మధ్య దూరం 18.83 మిల్లీమీటర్లు ఉండాలి. ఉండేది 16.5. తొలినాళ్లలో మోటార్లు పెద్దవి, బ్రిటిష్ ఇంజన్లు సన్నవి. మోటారు పట్టడానికి ఇంజన్ని కాస్త పెద్దది చేశారు, పట్టాల్ని అలాగే వదిలేశారు. అది ఇప్పటికీ నడుస్తోంది. కొందరు మొండివాళ్లు మాత్రం ఒప్పుకోక 18.83కే చక్రాలూ పట్టాలూ సొంతంగా కూర్చుకుంటారు, వాళ్లంటే నాకు గౌరవమూ భయమూ కూడా. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, దాన్ని ఎనభై ఏడుతో భాగిస్తే 19 పైన వస్తుంది. దుకాణంలో దొరికే 16.5 పట్టాల మీద డబ్ల్యూడీఎం-2 మోడల్ పెడితే అదీ అబద్ధమే. నా బల్ల మీది వంపు పద్దెనిమిది అంగుళాల వ్యాసార్ధం. పెంచి చూస్తే నలభై మీటర్లు. మన బ్రాడ్‌గేజ్‌లో అన్నిటికంటే గట్టి వంపుకే 175 మీటర్లు కావాలి. అసలు ఇంజన్ నా వంపు ఎక్కితే ఎగిరి పక్కింటి వంటగదిలో పడుతుంది. ఇవేవీ నన్ను బాధించలేదు. విరిగిన కడ్డీ, చీలిన గేరు, తెలియని గొంతు బాధించాయి. అంటే అబద్ధం కాదు నా సమస్య, నాకు ముందే చెప్పని అబద్ధం. నాలుగు వేలని చెప్పినవాడు ఈ మాట అనడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

సంక్రాంతికి బాపూ అమ్మా హైదరాబాద్ వచ్చారు. బాపు కళ్లజోడు సర్దుకుని ఇంజన్ని చేతిలోకి తీసుకుని, పైనుంచి కాదు, కిందినుంచి చూశాడు. ఎంతైనా ఫిట్టరు కదా. బటన్ నొక్కాను.

"గొంతు మంచిగనే ఉన్నది. ఏమైంది దీనికి?"

"ఆల్కో లెక్క లేదు బాపూ. మన బండ్లు ఎగిరెగిరి కొట్టుకునేవి కదా."

"అవి రోగమొచ్చిన బండ్లురా. షెడ్డుకు బండి ఊకెనే వస్తదా? ఇంజెక్టర్ పోయిందనో, ర్యాక్ పట్టేసిందనో వస్తది. ఆల్కో ఆగినప్పుడు జర ఊగుతది, లేదంటలేను. కని నువ్వు చెప్పినంత కాదు. మేం సరిచేసి లైన్ల పెట్టినంక గిట్లనే పాడేది. అప్పటికి నువ్వు బడికి పోయెటోనివి."

కాసేపు ఏం మాట్లాడాలో తోచలేదు. నా జోలపాట ఒక రిపేరు చప్పుడు. యాభై రెండు వేలు పెట్టి నేను వెతుక్కున్నది ఆ లోపాన్నే. అది లేదని, వస్తువు సరిగ్గా ఉందని, మూడు పేజీల మెయిల్ రాశాను. బాపు చెప్పిందంతా నిజమేనా, నా చెవిలో ఉన్నది పూర్తిగా తప్పా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆల్కో ఊగుతుందని ఆయనే ఒప్పుకున్నాడు, ఎంత అన్నదే తగాదా.

"ఏం రాసినవ్ వాళ్లకు?" అన్నాడు. మెయిల్ తెలుగులో చదివి వినిపించాను, ధర ఉన్న వాక్యం మింగేసి. చివరిదాకా విని, "నీ బాధ మంచిగ రాసినవ్. బండికేమైందో ఏది?" అన్నాడు.

అప్పుడు షెడ్డులో రిపేరు పుస్తకం గురించి చెప్పాడు. డ్రైవర్లు బండి అప్పగించేటప్పుడు దాంట్లో కంప్లైంట్ రాయాలి. కొందరు 'ఇంజన్ పవర్ లేదు' అని రాసి వెళ్లిపోయేవాళ్లట. కొందరు మాత్రం అయిదో నాచ్ దాకా బాగుంది, ఆరులో పెట్టగానే నల్లపొగ, బండిలో ఇన్ని వ్యాగన్లు అని రాసేవాళ్లు. ఉన్నవి ఎనిమిది నాచ్‌లు, ఏ నాచ్ దగ్గర ఏమయిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మొదటి రకానికి వీళ్లు స్టార్ట్ చేసి చూసి, 'చూశాం, బాగానే ఉంది' అని రాసి పంపేసేవాళ్లు.

నాకు చెమటలు పట్టాయి. రెండేళ్ల కింద నేనూ సరిగ్గా అదే రాశాను. మేం చేసే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తమ మందుల షాపులో రోజూ సాయంత్రం ఆగిపోతోందని ఒకాయన పెద్ద ఉత్తరం పెట్టాడు. అంతా కోపమే. మోసం, దగా, డబ్బులు దండుకున్నారు. నా లాప్‌టాప్‌లో ఒకసారి నడిపి చూసి, 'సమస్య కనిపించలేదు' అని మూసేశాను. ఒక్క నిజం చెప్పాలి, ఆ మోసం అనే మాట లేకపోతే ఇంకో పది నిమిషాలు చూసేవాణ్ణి.

అయినా బాపు మాటని అలాగే మింగలేకపోయాను. ఫిర్యాదు రాయడం వచ్చినవాడికే న్యాయమా? మందుల షాపాయనకి నాచ్ అంటే ఏంటో తెలియాల్సిన అవసరమేముంది? డబ్బు కట్టాడు, పని ఆగింది, కోపమొచ్చింది. ఆ కోపం లోపలున్న సమాచారాన్ని ఏరుకోవడం నా జీతంలో భాగం. అదే అన్నాను. బాపు వెంటనే ఏమీ అనలేదు. ఇంజన్ని పెట్టెలో పెట్టి, మూత సరిచేసి, అప్పుడన్నాడు. "ఒక్కసారి గట్లనే చూసినం బాగానే ఉందని రాసి పంపినం. రఘునాథపల్లి దగ్గర ఫెయిలైంది. నాలుగు గంటలు. లోపల పిల్లలు, ముసలోళ్లు, ఎండకాలం." ఎవరు రాశారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. అమ్మ అరిసెలు తెచ్చింది.

తర్వాత ఆల్కో చరిత్ర తిరగేశాను. 1940లలో వాళ్లు 244 అనే ఇంజన్ని తొందరపడి మార్కెట్లోకి తెచ్చారు. క్రాంక్‌షాఫ్టులు విరిగేవి, టర్బోలు పోయేవి. రైల్వే కంపెనీలు విసిగిపోయాయి. దాన్ని పక్కనపెట్టి 1950లలో తెచ్చిన మంచి ఇంజనే 251. నిరాశ పడ్డ కొనుగోలుదార్లలో చాలామంది అప్పటికే పోటీ కంపెనీల వైపు వెళ్లిపోయారు. 1969కల్లా అమెరికాలో ఆల్కో ఇంజన్ల తయారీ ఆగిపోయింది. అంటే మా బాపు జీవితమంతా చమురు చేతులతో విప్పి బిగించినది ఒక కంపెనీ తన కస్టమర్లకి ఆలస్యంగా చెప్పుకున్న క్షమాపణ. అక్కడ ఎవరూ పూర్తిగా వినలేదు. కాజీపేటలో, గుత్తిలో, ఇంకా ఎన్నో షెడ్లలో అది దశాబ్దాలు పొగ కక్కుతూ నడిచింది. మా ఇల్లు నడిచింది, నా ఇంజనీరింగ్ ఫీజు కట్టింది. ఆ రోజుల్లో విసిగిపోయి వెళ్లిపోయినవాళ్లు తప్పు చేశారని అనలేను. నేనైనా అదే చేసేవాణ్ణి, పదిహేను శాతం తగ్గిస్తామన్నా మళ్లీ ఆ దుకాణం గడప తొక్కనని ఒట్టు కూడా పెట్టుకున్నాను.

కానీ మెయిల్ మళ్లీ రాశాను. ఆరు వాక్యాలు. ముందు నుంచి మూడో ఇరుసు, గేరు చీలిక ఎంత, ఏ వేగంలో టిక్కుమంటోంది, ఇరుసు మందం, రెండు ఫొటోలు. శబ్దం గురించిన పేరా తీసేశాను. ఈసారి జవాబు వేరే మనిషి దగ్గర్నుంచి వచ్చింది, కింద చింతిస్తున్నాం లేదు. అదే విడతలో ఇరుసులు కాస్త లావుగా వచ్చాయని, రెండు గేర్లు ఊరికే పంపుతున్నామని, కొరియర్ మాత్రం నేనే పెట్టుకోవాలని. పందొమ్మిది వందలైంది. మందుల షాపాయన టికెట్ కూడా వెతికి తెరిచాను. ఆయన పోయిన ఏడాదే మా సాఫ్ట్‌వేర్ మానేశాడు.

గేర్లు మొన్న శుక్రవారం వచ్చాయి. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దవి. బాపుకి ఫోన్ చేస్తే, ఎక్కించేముందు ఇరుసుని ఎమరీ పేపర్‌తో సన్నగా రుద్దు, లేకుంటే ఇదీ పలుగుతది అన్నాడు. ఎంతసేపు రుద్దాలో, ఎట్లా తిప్పుతూ రుద్దాలో పది నిమిషాలు చెప్పాడు. పెట్టేసేముందు అడిగాడు.

"గేరు ఎంత పడ్డదిరా?"

"రెండొందలు బాపూ."

"గింత ప్లాస్టిక్ ముక్కకు రెండొందలా!"